ఏమీ చెయ్యని మధ్యాహ్నం కోసం లాగిన తాడు

సర్వే ఉద్యోగంలోకి కొత్తగా వస్తున్న పిల్లలకు ముందే ఒక మాట. నేను కొంచెం పెంచి చెబుతాను. మా ఆవిడ మాటల్లో అయితే, నేను చెప్పేదాంట్లో సగం ఏరి పారేసి, మిగతా సగాన్ని బాగా ఎండబెట్టుకోవాలి. ఎండాక మిగిలింది మాత్రం నిజం.

గుంటూరులో ఒక పరిశోధనా కేంద్రంలో పనిచేశాను. జనం తీరిక వేళల్లో ఏం చేస్తారు, పనికీ ఇంటికీ మధ్య ఎలా సర్దుకుంటారు, విశ్రాంతి దొరికితే ఆటలు బాగా ఆడతారా అన్నవి అక్కడి పరిశోధన విషయాలు. వినడానికి గంభీరంగానే ఉంటుంది. నా వంతు పని మాత్రం మోటారు సైకిలు మీద ఊళ్ళు తిరిగి, ఊపిరాడని పనిలో ఉన్న మనిషిని ఆపి, "మీకు తీరిక దొరుకుతుందా అండీ?" అని అడగడం. ఏళ్ళ తరబడి అడిగి అడిగి, యాభై దాటగానే నా అంతట నేనే విరమించుకున్నాను.

ప్రమోషన్ల సంగతి రాయను. వచ్చినవి చెప్పుకోదగ్గవి కావు. రానివి చెప్పుకుంటూ కూర్చుంటే ఈ కాగితాలు చాలవు. ఒక్క తాడు గురించి మాత్రం చెబుతాను. ఆ తాడు లాగిన కోల్డ్ స్టోరేజీ ఎక్కడుందని అడక్కండి. ఎందుకు దాస్తున్నానో చివరికి మీకే తెలుస్తుంది.

తోటపని

మా ప్రశ్నావళి ఎక్కడో చల్లటి ఊళ్ళో తయారైంది. "ఖాళీ సమయంలో మీరేం చేస్తారు?" అని అడిగి, కింద కొన్ని జవాబులు వాళ్ళే ఇచ్చేవాళ్ళు. పుస్తకాలు చదవడం, సంగీతం, ఈత, తోటపని, ఇతరములు.

చేరిన కొత్తల్లో ఒక మిర్చి రైతును పొలంలోనే పట్టుకున్నాను. వీపున మందు కొట్టే డబ్బా, మొహానికి తువ్వాలు. నేను ఒక్కొక్కటే చదివాను. పుస్తకాలంటే తల అడ్డంగా ఊపాడు. సంగీతమంటే నన్ను జాలిగా చూశాడు. ఈత అంటే, "సాగర్ కాలవలో నీళ్ళెప్పుడొస్తాయో నువ్వు చెప్పు, అప్పుడు ఈదుతా" అన్నాడు.

"తోటపనండీ?"

"మరి నేనిప్పుడు చేసేదేందయ్యా?"

నిజమే కదా అని టిక్కు పెట్టాను. నాతోపాటు తిరిగిన మిగతావాళ్ళూ అలాగే పెట్టారు. చివరికి తేలిందేమిటంటే, ఆ మండలంలో రైతులందరూ పొద్దు పొడిచింది మొదలు పొద్దు గుంకేదాకా తోటపనిలో సేదతీరుతున్నారు. అంత తీరుబడిగా బతికే జనం మరెక్కడా లేరని మా కేంద్రం ఎంతో సంబరపడింది.

అందుకని మొదటి సలహా: ప్రశ్న చదివేముందు చుట్టూ ఒకసారి చూడండి. ఎవరి కాళ్ళకు మట్టి ఉందో చూస్తే సగం సర్వే అయిపోతుంది.

డైరెక్టరు గారి ఆదివారాలు

మా డైరెక్టరు రంగనాయకులు గారు. విశ్రాంతి అనే విషయం మీద ఆయన మాటకు తిరుగులేదు. ఆయన విశ్రాంతి తీసుకోగా చూసినవాడు కూడా లేడు. తన పెళ్ళిలో తలంబ్రాలకీ భోజనాలకీ మధ్య ఒక ప్రశ్నావళి దిద్దారని ఆఫీసులో చెప్పుకునేవాళ్ళు. ఆ చెప్పుకోవడం మొదలుపెట్టింది నేనే అనుకోండి.

ఆదివారం ఇడ్లీ తుంచే వేళకు ఫోను మోగేది.

"ఏమోయ్, ఆదివారమేగా, ఖాళీగానే ఉంటావు. ఆఫీసుకు రా. ఉద్యోగికి వారానికి ఒక సెలవు ఎంత అవసరమో అర్జంటుగా మాట్లాడుకోవాలి."

నేను చొక్కా వేసుకుంటుంటే మా ఆవిడ వంటింట్లోంచి అడిగేది. "ఇవాళ కూడానా?"

"విశ్రాంతి గురించేనే."

"ఎవరి విశ్రాంతి?"

నేను చెప్పులు వెతుక్కునేవాణ్ణి.

ఆయన చెడ్డవాడని చెప్పను. కింది ఉద్యోగిని ఒక్క మాట పరుషంగా అని ఎరుగడు. కాకపోతే ఆయన దగ్గర ప్రపంచాన్ని వేసుకోవడానికి డబ్బాలు రెండే ఉన్నాయి. పనిచోట ఉంటే శ్రమ, ఇంట్లో ఉంటే విశ్రాంతి. ఆయన ఇంట్లో ఉన్నంతసేపూ కాఫీ దానంతటదే వచ్చేది, పక్కబట్టలు వాటంతటవే ఉతుక్కునేవి. అలాంటి ఇంట్లో ఉండే మనిషికి అంతకంటే వేరే ఎలా తోస్తుంది?

ఒకసారి నన్ను ఒంగోలు వైపు పంపారు, బండలాగుడు పోటీలకు ఎడ్లను మేపే ఒక ఆసామి దగ్గరికి. ఎద్దుకు పొద్దున్నే స్నానం, నూనె మర్దన, ఉడికించిన ఉలవలు, మధ్యాహ్నం చాప మీద నిద్ర, సాయంత్రం షికారు. పొలం పని లేదు. మా ప్రశ్నావళిలో గళ్ళన్నీ నిండిన జీవిని ఉద్యోగం మొత్తం మీద అక్కడే చూశాను. "మరి మీ విశ్రాంతి ఎలాగండీ?" అని ఆసామిని అడిగితే, "అది పడుకున్నప్పుడు ఈగలు తోలుతా" అన్నాడు.

ఈ సంగతి చెబితే డైరెక్టరు గారి కళ్ళు మెరిశాయి. "చూశావా! విశ్రాంతి ఇస్తే బలం పెరుగుతుంది. ఇదే మనుషుల మీద చూడాలి." ఈగలు తోలే మనిషి ఆయన చెవికి ఎక్కలేదు. తాడు కథ అక్కడ మొదలైంది.

మస్తాన్‌బీ అడిగిన వరం

గుంటూరు చుట్టుపక్కల ఒక కోల్డ్ స్టోరేజీ. యజమాని కోటయ్య గారు. ఆయన ఆవరణలో ఆడవాళ్ళు బారులు తీరి కూర్చుని మిరపకాయల తొడిమలు తీస్తారు, రంగు పోయిన తాలు కాయలు ఏరతారు. వాళ్ళ ముఠాకు మేస్త్రి మస్తాన్‌బీ. నాకంటే రెండు మూడేళ్ళు పెద్ద. గొంతు విప్పిందంటే గేటు బయట లారీ డ్రైవరు బ్రేకు వేస్తాడు. ఆ ఘాటులో మొదటిసారి అడుగుపెట్టినప్పుడు నేను తుమ్మిన తుమ్ముకు నా కళ్ళజోడు తూకం యంత్రం మీద పడి, బరువు కూడా చూపించింది.

కోటయ్య గారికి పర్చూరులో పొగాకు వ్యాపారం చేసే బావమరిది ఉన్నాడు. ఎదురుపడితే చాలు, ఇద్దరికీ పోటీ. ఏదో నిశ్చితార్థం భోజనాల దగ్గర ఆ బావమరిది, "మా పొగాకు గ్రేడింగు ఆడవాళ్ళ చేతి బలం ముందు మీ మిర్చి ఆడవాళ్ళెంత బావా" అన్నాడట. కోటయ్య గారు అరిసె పక్కన పెట్టేసి, "తాడు పట్టుకుని రమ్మను" అన్నారట. ఈ సంగతి నా చెవిన పడి, నా నోట డైరెక్టరు గారి చెవిన పడింది. ఆయన నన్ను వెంటేసుకుని ఉన్నపళంగా కారెక్కి కోటయ్య గారి దగ్గరికి వచ్చేశారు. తాడు లాగే మీ ఎనిమిది మందికీ పోటీ ముందు వారం రోజులు ఇంట్లో పూర్తి విశ్రాంతి ఇవ్వండి, కూలి మా కేంద్రం భరిస్తుంది, పర్చూరు వాళ్ళు మామూలుగా పనిచేసుకుంటూ వస్తారు, తేడా చూద్దాం అన్నారు. గెలుపు వస్తుందంటే కోటయ్య గారు దేనికైనా సిద్ధం.

మస్తాన్‌బీని పిలిచారు. ఆమె అంతా విని, కొంగు దులుపుకుంది.

"గెలిస్తే మాకేంది అయ్యా?"

"స్వీట్లు పెట్టిస్తాలే."

"స్వీట్లొద్దు. ఆదివారం మధ్యాహ్నం అన్నాలు తిన్నాక మాకు పని చెప్పకూడదు. కూలి కొయ్యకూడదు."

కోటయ్య గారు కుర్చీలో ముందుకు వంగారు. "మధ్యాహ్నమంతా ఖాళీ ఇస్తే ఏం చేస్తారే?"

"ఏమీ చెయ్యం."

"ఏమీ చెయ్యకపోవడానికి సెలవెందుకే?"

"చేసేదుంటే ఇక్కడే చేస్తాంగా అయ్యా. ఏమీ చెయ్యకుండా ఒక పూట కూర్చుని ఎరగం. పెళ్ళైనకాణ్ణుంచీ ఒక్క పూట లేదు. మా శేషమ్మకైతే పురుడప్పుడు గూడా లేదు."

పక్కనున్న శేషమ్మ, అవునన్నట్టు తలూపింది. నేను ఎన్ని ఇళ్ళల్లో ఎన్ని ప్రశ్నలు అడిగానో గానీ, తీరికంటే ఏమిటో అంత సూటిగా చెప్పినవాళ్ళను అంతకుముందు చూడలేదు. డైరెక్టరు గారు నా వైపు వంగి, "ఇతరములు కింద రాయి" అన్నారు.

కోటయ్య గారు చాలాసేపు నసిగి, బావమరిది మొహం గుర్తొచ్చి కాబోలు, "సరే, గెలవండి చూద్దాం" అన్నారు.

విశ్రాంతి వారం

ఇక్కడ మస్తాన్‌బీ చేసిన పొరపాటు ఒకటి చెప్పాలి. ఆ సాయంత్రం ఆటో దిగగానే వీధి మొదట్లో నిలబడి, తన మామూలు గొంతుతో, "వారం రోజులు నాకు సెలవు! ఇంట్లోనే ఉంటా!" అని చాటింది. ఆ గొంతు వీధి చివరిదాకానే కాదు, పొన్నూరులో ఉన్న ఆడపడుచు దాకా పోయింది.

ఆ విశ్రాంతిని రోజూ వెళ్ళి కళ్ళారా చూసి రావడం నా డ్యూటీ. తొలి రోజు వెళ్ళేసరికి ఆమె ఇంటిల్లిపాది దుప్పట్లూ నానబెట్టి బండకేసి బాదుతోంది.

"ఇదేందక్కా, విశ్రాంతి కదా?"

"ఎట్టాగూ ఇంట్లో ఉన్నాగా బాబూ. ఇదొక్కటీ అయిపోతే కూర్చుంటా."

మర్నాడు వెళ్తే పొన్నూరు ఆడపడుచు తన పిల్లల్ని దింపి పోయింది. "వదిన ఇంట్లోనే ఉందిగా" అని. ఆ తర్వాత పక్కింటావిడ పచ్చడి మిరపకాయలు తొక్కడానికి రోకలి ఇచ్చింది. ఈమె రోజంతా మిరపకాయల మధ్య బతికే మనిషి, సెలవు పెట్టి ఇంటికొచ్చి మిరపకాయలే దంచుతోంది. ఆయనగారు, అంటే ఆమె భర్త, మంచం మీంచి లేచి, "నువ్వు ఇంట్లో ఉంటే ఎంత బావుంటుందో" అని మళ్ళీ పడుకున్నాడు.

శేషమ్మ ఇంట్లో వెల్ల వేస్తోంది. నిచ్చెన మీద ఉంది. కింద అత్తగారు కుర్చీ వేసుకుని ఎక్కడ మరక మిగిలిందో చూపిస్తోంది. నన్ను చూసి శేషమ్మ నిచ్చెన మీంచే అరిచింది.

"సర్వే బాబూ! ఈ విశ్రాంతి ఇంకా ఎన్నాళ్ళుంది?"

నేను ఆఫీసుకు పోయి ఉన్నదున్నట్టు చెప్పాను. సగం కూడా పెంచలేదు, పెంచడానికి అందులో చోటు లేదు. డైరెక్టరు గారు కలం మూత తీస్తూ అడిగారు.

"వాళ్ళు పనికి వెళ్ళారా?"

"లేదండీ, కానీ..."

"ఇంట్లో ఉన్నారా?"

"ఉన్నారండీ, కానీ..."

"అయితే విశ్రాంతి." అలాగే రాసుకున్నారు.

పోటీ ఇంకో రెండు రోజులుందనగా మస్తాన్‌బీ గడప మీద కూలబడింది. అరచేతులు చూపించింది. బొబ్బలు. "బాబూ, ఈ చేతుల్తో తాడు కాదుగదా, జడ గూడా పట్టుకోలేను. ఆ ఆదివారం పూట పోయినట్టే. కోటయ్య గారికి చెప్పి మమ్మల్ని పనిలోకి రానియ్యి. కాసేపు కూర్చుంటాం."

ఆ మాటకు నవ్వాలో ఏడవాలో తెలియక, మోటారు సైకిలు ఎక్కాను. కోటయ్య గారు ఒక్క ముక్కలో తేల్చేశారు. "పనికొస్తామంటే వద్దనడానికి నాకేమన్నా పిచ్చా?"

వాళ్ళు వచ్చారు. రేకుల షెడ్డు కింద టిక్కీలకు వీపులు ఆనించి కూర్చున్నారు. టిక్కీ అంటే మిర్చి బస్తా, మెత్తగా ఉంటుంది. చేతులు తొడిమలు తీస్తున్నట్టే ఉన్నాయి, కళ్ళు మాత్రం మూసుకున్నాయి. కోటయ్య గారు గెలుపు మీద ఆశతో చూసీ చూడనట్టు పోయి, మజ్జిగ పంపించారు. పిలిచే అత్త లేదు, ఏడ్చే పిల్లాడు లేడు. రెండో రోజు మధ్యాహ్నానికి మస్తాన్‌బీ గురక విని గేటు బయట లారీ డ్రైవరు బ్రేకు వేశాడు.

తాడు

పర్చూరు వాళ్ళు ట్రాక్టరులో పాటలు పాడుకుంటూ దిగారు. దిట్టమైన ఆడవాళ్ళు. వాళ్ళ వెనకాల బావమరిది తెల్ల చొక్కా. డైరెక్టరు గారు మెడలో ఈల, చేతిలో గడియారం. మూడు పట్లలో రెండు నెగ్గినవాళ్ళది గెలుపు.

మొదటి పట్టు చూసినవాళ్ళు చూసినట్టుండగానే అయిపోయింది. మనవాళ్ళు గీత దాటి పోయి పర్చూరు వాళ్ళ ఒళ్ళో పడ్డారు. బావమరిది మీసం దువ్వుతూ, "ఏం బావా, కారం తగ్గిందా?" అన్నాడు. కోటయ్య గారు నన్ను చూసిన చూపుకు నా చొక్కా కాలర్ వాడిపోయింది. మస్తాన్‌బీ మట్టి దులుపుకుని లేచింది గానీ, మిగతావాళ్ళ మొహాల్లో ఆదివారం మధ్యాహ్నం ఆరిపోయింది.

అప్పుడు మా డైరెక్టరు గారు జాలిపడ్డారు. ఆయన ఉద్యోగంలో చేసిన అతి గొప్ప పని అదేనని నా ఉద్దేశం, ఆయనకు మాత్రం తెలియదు. ముందుకొచ్చి, ఎంతో మెత్తగా, "బాధపడకండమ్మా. ఓడిపోయినా ఫరవాలేదు. మీకు విశ్రాంతి చాలినట్టు లేదు. ఇంకో వారం ఇంట్లో ఉండేటట్టు నేను ఏర్పాటు చేస్తాను" అన్నారు.

ఎనిమిది తలలూ ఒక్కసారి ఆయన వైపు తిరిగాయి.

మస్తాన్‌బీ వెనక్కి తిరిగి అరిచింది. "విన్నారటే! ఓడితే ఇంకో వారం ఇంట్లోనే!"

శేషమ్మ చీర కుచ్చిళ్ళు దోపుకుంది. "నా వల్ల కాదమ్మో. వెనకిల్లు ఇంకా వెల్ల వెయ్యలేదు."

రెండో పట్టు నెగ్గారు. మూడో పట్టుకు మస్తాన్‌బీ పిలుపు అందుకుంది. "దుప్పట్లే!" అంటే అందరూ "అమ్మో!" అని ఒక లాగు. "ఆడపడుచే!" "అమ్మో!" ఇంకో లాగు. "రోకలే!" అనేసరికి పర్చూరు బారు మొత్తం కదిలింది. అవతల చివర తాడు పట్టుకుని సాయం చేయబోయిన బావమరిది, ఆయన్ని ఆపబోయిన వాళ్ళ ట్రాక్టరు డ్రైవరు, ఈల నోట్లో ఉన్న మా డైరెక్టరు గారు, అందరూ కలిసి గీత ఇవతలికి వచ్చేశారు. ట్రాక్టరు కూడా ఒక జానెడు జరిగిందని నేనంటాను. మా ఆవిడ ఒప్పుకోదు. ఆ జానెడూ మీరు ఏరి పారేసుకోవచ్చు.

అన్నిటికంటే నాకు నచ్చిందేమిటంటే, ఓడిన పర్చూరు వాళ్ళలో ఒకావిడ కింద పడే నవ్వుతోంది. లేవదీసిన మస్తాన్‌బీతో, "ఆ పిలుపు మాక్కూడా ఉండుంటే మేమూ లాగేవాళ్ళమే వదినా. మాకూ ఇళ్ళున్నాయిగా" అంది.

తేలిన సంగతులు

కోటయ్య గారు మాట మీద నిలబడ్డారు. "ఆదివారం అన్నాలయ్యాక ఇళ్ళకు పోండి" అన్నారు.

"ఇళ్ళకెవరు పోతామన్నారయ్యా?" అంది మస్తాన్‌బీ. "ఇక్కడే ఉంటాం. షెడ్డు కింద. గేటు వేయించండి. ఎవరన్నా వస్తే పనిలో ఉన్నారని చెప్పించండి. మా ఇళ్ళల్లో గూడా అంతే తెలియాలి."

ఆయన బుర్ర గోక్కున్నారు. సెలవిచ్చి, ఆ సెలవు సంగతి దాచమని అడిగించుకున్న యజమాని ఈ జిల్లాల్లో ఆయనొక్కడే అయ్యుంటాడు.

డైరెక్టరు గారు సంతోషంగా రాశారు: ఇంటి వద్ద విశ్రాంతి వల్ల క్రీడా సామర్థ్యం పెరుగుతుంది. చివరి రెండు రోజులూ వాళ్ళు పనిలో ఉన్నారండీ, అక్కడే నిద్రపోయారండీ అని నేను ఎంత మొత్తుకున్నా, "అది లెక్కలోకి రాదోయ్" అన్నారు. ఎక్కడో పెద్ద సదస్సులో చదివి, శాలువా కప్పించుకుని వచ్చారు. కొన్నాళ్ళకు మరో సర్వేలో, అదే ఆడవాళ్ళు ఆదివారం సాయంత్రం దాకా ఇల్లు చేరడం లేదని చూసి ఎంతో బాధపడ్డారు. "ఎంత అన్యాయం చూడు. వీళ్ళకు అసలు విశ్రాంతే లేదు." నిజంగానే ఆయన కళ్ళు చెమర్చాయి. నేను కిటికీలోంచి బయటికి చూశాను.

కొత్తవాళ్ళకు రెండో సలహా ఇదే: జనం మీకు చెప్పిన ప్రతిదీ పైవాళ్ళకు చేరాల్సిన పనిలేదు. కొన్ని ఆ గేటు లోపలే ఉండిపోతే మీ ఉద్యోగానికి మచ్చేమీ రాదు.

నా విరమణ

ఇక నేనూ విరమించుకుని ఇంట్లో కూర్చున్నాను. కూర్చోవడమన్నది మాటవరసకు. "ఇంట్లోనే ఉన్నారుగా" అని అపార్టుమెంటు వాళ్ళు నీళ్ళ ట్యాంకరు చూడమన్నారు. "ఖాళీయేగా" అని తోడల్లుడు తన కరెంటు ఆఫీసు పని అప్పజెప్పాడు. కొన్ని వారాలకే నా మొహం నిచ్చెన మీది శేషమ్మ మొహంలా తయారైంది.

ఒక ఆదివారం మధ్యాహ్నం మోటారు సైకిలు దానంతటదే ఆ కోల్డ్ స్టోరేజీకి పోయింది. వాచ్‌మన్ గేటు సందులోంచి, "పనిలో ఉన్నారండీ" అన్నాడు. మస్తాన్‌బీని పిలవమన్నాను. చెంగు మొహం మీంచి తీసుకుంటూ, నిద్ర కళ్ళతో వచ్చింది.

"ఏం బాబూ, మళ్ళీ సర్వేనా?"

"కాదక్కా. కాసేపు లోపల కూర్చోనిస్తావేమోనని."

"ఏం చేస్తావు కూర్చుని?"

"ఏమీ చెయ్యను."

ఆమె నన్ను పైనుంచి కిందికి చూసింది. ఇన్నేళ్ళు జనాన్ని నేను చూసిన చూపు అదే. "మీ ఆవిడేం చేస్తోంది?"

"ఇంట్లో ఉంది."

"ఇంట్లోనా." గేటు గడియ మీద చెయ్యేసింది. "వారం రోజులు మా ఇళ్ళ చుట్టూ తిరిగావు. ఏం చూశావయ్యా?"

బండి తిప్పాను. ఇంటికి పోయి, గిన్నెల ముందున్న మనిషిని చెయ్యి తుడుచుకోమని, ఎక్కడికో చెప్పకుండా వెనకాల ఎక్కించుకుని వచ్చాను. మస్తాన్‌బీ మనిషి పట్టేంత గేటు తీసి ఆమెను లోపలికి రానిచ్చి, నా మొహం మీదే వేసేసింది. "ఆడవాళ్ళుండే చోటు బాబూ. నువ్వు పో. ఇంట్లో గిన్నెలుంటాయిగా."

అప్పట్నుంచీ ప్రతి ఆదివారం ఆమెను దింపి వస్తాను. లోపల ఏం చేస్తారని ఒక్కసారి కూడా అడగలేదు. నా వృత్తిలో అడగకుండా వదిలేసిన ప్రశ్న అదొక్కటే. తిరిగొచ్చి గిన్నెలు తోముతుంటే ఎవరో ఒకరు తలుపు కొడతారు. ట్యాంకరు మనిషి, లేదంటే తోడల్లుడు, లేదంటే రవ్వ అప్పడిగే పక్కింటావిడ.

"మీ ఆవిడ లేరా అండీ?"

చేతి నురగ కడుక్కుంటూ, గంభీరంగా చెబుతాను.

"పనికెళ్ళింది."